అన్నీ మార్చాక మిగిలే బండి

విజయవాడ ఆటోనగర్‌లో ఇనుముకు చావు లేదు. పొద్దున ఒక షెడ్డులో విప్పిన గేరుబాక్సు సాయంత్రానికి రెండు వీధుల అవతల ఇంకో లారీలో కూర్చుంటుంది. ఏ లారీకీ పనికిరానిది పాత ఇనుప కొట్టుకు పోతుంది, అక్కణ్ణుంచి కొలిమికి, కొలిమి నుంచి కడ్డీగా ఎవరింటి స్లాబులోకో. ఇలాంటి చోట ఉంటూ ఒక పాత బండిని కొని, దాన్ని ఆ బండిగానే నిలబెట్టాలని పూనుకున్నవాడికి ఒక ప్రశ్న తప్పదు. ఆ బండిగానే అంటే ఏ బండిగా? పని మధ్యలో మొదలైన ఈ ప్రశ్న పని అయిపోయాక కూడా నన్ను వదల్లేదు. నా చదువు ఐటీఐలో డీజిల్ మెకానిక్ దాకానే. కానీ మాది వైఖానస అర్చకుల ఇల్లు. దివిసీమలో మా తాతల నాటి నుంచి మేము సేవ చేస్తున్న విష్ణాలయంలో ఇప్పుడు మా అన్నయ్య అర్చకుడు. ఆయన ఆగమం చదివాడు, నేను స్పానరు పట్టి, రోడ్డు మీద చెడిన బండ్లు లాగే పనిలో పడ్డాను. ఇక్కడ రాస్తున్నదాంట్లో సగం మా ఇద్దరి మధ్య నడిచిన వాదనే.

ముందు బండి సంగతి. 1965 మోడల్ టాటా మెర్సిడెస్ బెంజి. టాటాలు జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో 1954లో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969తో ముగిసింది. ఆ మధ్యకాలపు బండ్ల మూతి మీద మూడు కొమ్ముల నక్షత్రం ఉండేది కాబట్టి మా పాతతరం డ్రైవర్లకు అవి చివరిదాకా బెంజి లారీలే. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్టు, దాని కింద ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120. ఈ బండి కొన్నేళ్లు ధాన్యం బస్తాలు మోసింది. తర్వాత బందరులో ఒక షెడ్డు యజమాని దాన్ని కొని, తొట్టి తీసేసి, ఆ చోట రెండు చానెల్ కాళ్లు ఏటవాలుగా నిలబెట్టి, వాటి కొసన కప్పీ బిగించి, అడుగున చేత్తో తిప్పే వించి పెట్టించాడు. అలా అది బ్రేక్‌డౌన్ బండి అయింది. నా చేతికి వచ్చేసరికి ఆ షెడ్డు మూతపడి, బండి తుమ్మచెట్ల మధ్య రిమ్ముల మీద నిలబడి ఉంది.

వించి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నేను బండి కొన్నది దాన్ని చూసే. అటొకరు ఇటొకరు నిలబడి హ్యాండిల్ తిప్పితే లోపల వార్ము తిరుగుతుంది. అది గన్‌మెటల్ చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున జరుపుతుంది. హ్యాండిల్ నలభై చుట్లు తిరిగితే వైరు రోపు చుట్టుకునే డ్రమ్ము ఒక్క చుట్టు తిరుగుతుంది. హ్యాండిల్ పొడవు, కప్పీ వాటా కలుపుకుని, రాపిడికి పోయేది పోగా, చేతి దగ్గర ఇరవై కిలోల బలం కొక్కెం దగ్గర రెండు టన్నులను లేపుతుంది. అయితే దాని గొప్పతనం లేపడంలో లేదు. వార్ము చక్రాన్ని తిప్పగలదు, చక్రం వార్మును తిప్పలేదు. తిప్పుతున్నవాళ్లు అలిసిపోయి చేతులు వదిలేసినా బరువు వెనక్కి జారదు, ఎక్కడిది అక్కడే ఆగుతుంది. కాలవలోంచి సగం లేచిన కారులో ఇంకా మనుషులున్నప్పుడు ఈ ఒక్క గుణం ఎంత విలువైనదో గట్టు మీద నిలబడ్డవాళ్లకు తెలుసు.

ఇంకో సంగతి. కొక్కానికి రెండు టన్నులు తగిలిస్తే ఆ బరువు వెనక ఇరుసు మీద పడి ఊరుకోదు. కొక్కెం వెనక ఇరుసుకు మీటరున్నర వెనక ఉండి, ముందు వెనక ఇరుసుల మధ్య నాలుగు మీటర్ల దూరం ఉంటే, ముందు చక్రాల మీద నుంచి ముప్పావు టన్ను లేచిపోతుంది. స్టీరింగు తేలిపోతుంది, బండి మాట వినదు. అందుకే ఈ బండికి ముందు బంపరు మీద బరువైన రైలు పట్టా ముక్కొకటి బోల్టులతో బిగించి ఉంది. వెనక వేరొకరి భారం ఎత్తాలంటే ముందు తన భారం తనకుండాలి. బందరులో ఆ పట్టా బిగించిన మనిషి ఎవరో గానీ ఆ లెక్క తెలిసినవాడు.

ఈ జాతి బండ్లు పుట్టింది అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలోని చాటనూగ ఊళ్లో. 1916లో అక్కడ ఒక ఫోర్డు మోడల్ టి కారు వాగులో పడితే, ఎర్నెస్ట్ హోమ్స్ అనే మెకానిక్కు మోకులు, దూలాలు పెట్టి, అరడజను మంది సాయంతో గంటల తరబడి తంటాలు పడి దాన్ని బయటికి లాగాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని ఒక 1913 మోడల్ కాడిలాక్ కారు తీసుకుని దాని మీద మూడు గుంజలు, కప్పీ, గొలుసు అమర్చడం. అక్కణ్ణుంచే రోడ్డు మీద లాగే బండి అనేది మొదలైంది. ఇప్పుడు ఆ ఊళ్లో ఈ బండ్లకో మ్యూజియం ఉంది, రోడ్డు పక్కన బండ్లు లాగుతూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల పేర్లతో ఒక గోడ కూడా ఉంది. నాకు ఇందులో పట్టుకునేది ఒకటే. తన జాతిలో మొదటి బండే ఇంకో బండికి వేసిన అతుకు. దానికి అసలు రూపమంటూ విడిగా లేదు. ఒకప్పుడు కారుగా ఉన్నది, ఒక పని మీద పడి, మారింది. బందరులో ధాన్యం లారీ బ్రేక్‌డౌన్ బండి అయినట్టే.

ఇక విప్పడం మొదలుపెట్టాక ఏం తేలిందో చెప్తాను. ఇంజను బ్లాకులో నీటిగది గోడ పగిలి ఉంది. అదే రకం ఇంజను మరోటి ఆటోనగర్‌లోనే దొరికింది. క్యాబిన్ నేల చేత్తో నొక్కితే పొడి రాలింది, రేకు కొత్తగా వంచి టింకరింగ్ చేయించాం. కమాన్లు, బ్రేకు డ్రమ్ములు, వైరింగు మొత్తం, డీజిల్ టాంకీ, పట్టీలు కొట్టుకుపోయిన రేడియేటరు, ఇవన్నీ మారాయి. వించిలో వార్ము బాగానే ఉంది గానీ గన్‌మెటల్ చక్రం పళ్లు కత్తి అంచుల్లా అరిగి ఉన్నాయి; కొత్త చక్రం పోత పోయించి పళ్లు కోయించాను. వైరు రోపు సరే, అది ఎప్పటికప్పుడు మార్చాల్సిందే, పోగు తెగిన రోపును కొక్కానికి కట్టడం మనిషిని చంపడంతో సమానం. చివరికి మిగిలినవి చాసీ, క్రేను కాళ్లు, వార్ము, కొక్కెం, ముందున్న పట్టా, క్యాబిన్ పైభాగం, దాని నుదుటి మీద పాత యజమాని రాయించుకున్న 'శ్రీ వీరాంజనేయ' అనే పేరు.

చాసీ మీద పగులు కనబడింది. వెనక కమాను బ్రాకెట్టు దగ్గర, ఎడమవైపు చానెల్‌లో, కింది అంచు నుంచి పైకి జానెడు. క్రేను కాళ్ల భారమంతా ఏళ్ల తరబడి అక్కడే దిగింది మరి. అన్నయ్య సరిగ్గా అప్పుడే ఏదో పని మీద బెజవాడ వచ్చి షెడ్డుకు వచ్చాడు. పగులు చూపిస్తే వంగి చూసి, "ఇది మహాంగంరా" అన్నాడు.

ఆగమంలో విగ్రహానికి అవయవాల తరతమాలు ఉన్నాయి. ఆభరణమో ఆయుధం కొసో వేలో దెబ్బతింటే సరిచేసి సంప్రోక్షణ చేస్తారు. తల, మొండెం లాంటి ప్రధాన అవయవం విరిగితే ఆ మూర్తిని పూజలో ఉంచరు, నీటిలో విడిచి కొత్త మూర్తిని ప్రతిష్ఠిస్తారు. స్వయంవ్యక్తమైన మూర్తికి మాత్రం ఈ నియమం లేదు, అది ఏ స్థితిలో ఉన్నా వదలరు. అన్నయ్య లెక్క ప్రకారం లారీకి చాసీయే మొండెం, అది విరిగితే ఆ బండి కాలం తీరింది. చిత్రమేమిటంటే రవాణా శాఖ లెక్కా అదే. ఇంజను మారిస్తే కాగితాల్లో రాయించుకోవచ్చు, రంగు మారిస్తే రాయించుకోవచ్చు. చాసీ మీద పొడిచిన నంబరే బండి. మంచి చాసీ ఇంకోటి తెచ్చి ఈ నంబరు దాని మీద పొడవడం నేరం. అలా పొడిచే చేతులు లేకపోలేదు గానీ నేను ఆ గుమ్మం తొక్కను.

"విరగలేదు అన్నయ్యా, పగిలింది" అన్నాను. పగులు కొసన చిన్న బెజ్జం వేస్తే అది ఇంక పాకదు. ఆ తర్వాత పగులును గాడి తీసి వెల్డింగ్ చేసి, లోపలివైపు నుంచి పొడుగాటి ప్లేటు వేసి, వేడి రివెట్లతో బిగించాం. రివెట్లెందుకంటే, ప్లేటు అడ్డకొసల్ని వెల్డింగ్ చేస్తే ఆ వేడికి ఇనుము గట్టిపడి పెళుసవుతుంది, మరుసటి పగులు అక్కడే పుడుతుంది. ప్లేటు కొసల్ని కూడా తిన్నగా కోయకుండా ఏటవాలుగా కోయాలి, లేకపోతే భారం ఒక్క గీత మీద పడుతుంది. ఈ పని చేసిన రివెట్ మేస్త్రి కాల్చిన రివెట్టును పట్టకారుతో అందుకుని బెజ్జంలో పెట్టి కొడుతుంటే అన్నయ్య మధ్యాహ్నం దాకా కదలకుండా చూశాడు. మహాంగమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మరి ఇన్ని మార్చాక అదే బండి అని ఏ మొహంతో అంటాను? దీనికి మన దేశంలో చాలా పాత జవాబులున్నాయి. గ్రీకు రాజు మిలిందుడు నాగసేన భిక్షువును చూడటానికి రథమెక్కి వచ్చాడని, ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదని రాజు చేతే అనిపించి, రథమనేది ఈ భాగాల కూడిక మీద మనం పెట్టుకున్న పేరేనని తేల్చాడని పాళీ గ్రంథం మిలిందపన్హ చెబుతుంది. విప్పిన బండి ముందు నిలబడ్డవాడికి ఈ మాట ఊహ కాదు. ఇక్కడ ఇరుసు, అక్కడ ఇంజను, గోడకానించిన క్యాబిను, బండి ఎక్కడుంది? ఎక్కడా లేదు. నాగసేనుడు నా షెడ్డులో నిలబడే మాట్లాడాడు.

నైయాయికులు దీనికి ఒప్పుకోరు. తర్కం చదివిన అన్నయ్య వాళ్ల పక్షం వివరించాడు. భాగాలు వేరు, వాటిలో పుట్టిన మొత్తం వేరు, ఆ మొత్తం నిజంగా ఉన్న వస్తువే. బాగుంది, పేరు ఒక్కటే కాదు, బండి అనేది ఉంది. కానీ ఆ నిజానికి వాళ్లు కట్టిన వెల పెద్దది. బట్టలోంచి ఒక్క పోగు లాగినా పాత బట్ట నశించి కొత్త బట్ట పుట్టినట్టే అంటారు. అంటే నేను మొదటి నట్టు మార్చిన పూటే 1965 నాటి బండి పోయింది, ఆపైన మార్చిన ప్రతి నట్టుకూ ఇంకో బండి పుట్టి చచ్చింది. ఇది విన్న పూట నేను నిజంగా బాధపడ్డాను. తర్కానికి లోటు లేకపోవచ్చు. కానీ ఈ లెక్కన లోకంలో ఎవరూ దేన్నీ బాగుచేయలేరు. బాగుచేయడమంటే పాతది ఉండగానే అది మెరుగు కావడం కదా.

పూరీ జగన్నాథుడిది మరో దారి. అధిక ఆషాఢం వచ్చిన ఏడాది, ఈమధ్య 1996లో, మళ్లీ 2015లో జరిగినట్టు, వేప మానుతో కొత్త మూర్తుల్ని చెక్కుతారు. పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని అర్ధరాత్రి, కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు గుడ్డ చుట్టుకుని, దైతాపతులు కొత్త మూర్తిలోకి మారుస్తారు. పాతవాటిని కోవెల ఆవరణలోనే భూస్థాపితం చేస్తారు. కొయ్య మారినా దేవుడు మారడు, ఎందుకంటే లోపలిది మారలేదు. నేను ఆ మహిమను శంకించను. కానీ నా బండి ముందు కూర్చుని, ఇందులో అలాంటి లోపలిది ఏదని వెతికాను. ఇంజను కాదు, అది వేరే బండి నుంచి వచ్చింది. చాసీ నంబరా? అది ప్రభుత్వం గుర్తు పట్టడానికి పెట్టుకున్న గుర్తు, దానికి గుండె ఉండదు.

నాకు దారి దొరికింది మా ఇంటి పద్ధతిలోనే. గర్భాలయంలో మరమ్మతు చేయాలంటే ముందు కళాకర్షణం చేస్తారు. మూలవిరాట్టులోని శక్తిని మంత్రంతో కుంభజలంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే తాత్కాలిక కోవెలలో ఉంచి, పని పూర్తయ్యేదాకా నిత్యార్చన అక్కడ జరుపుతారు. తిరుమలలో పన్నెండేళ్లకొకసారి జరిగే అష్టబంధన మహాసంప్రోక్షణంలోనూ, 2018 ఆగస్టులో, ఇలాగే జరిగింది. యాదాద్రిలో 2016లో బాలాలయం ఏర్పాటైంది, కొత్త ఆలయంలో మూలవిరాట్టు దర్శనం మళ్లీ 2022 మార్చి 28న మొదలైంది. యాదాద్రిది పాంచరాత్రం, మాది వైఖానసం, కానీ ఈ విషయంలో ఇద్దరిదీ ఒకే జాగ్రత్త. రాయి కదిలినా, బంధనం మారినా, గోపురం కొత్తదైనా, ఒక్కటి మాత్రం ఆగకూడదు. పొద్దున్నే లేపి, స్నానం చేయించి, నైవేద్యం పెట్టి, రాత్రి పడుకోబెట్టే సేవ. నేను చిన్నప్పుడు మా గుడి కప్పు దించి కట్టినప్పుడు మా నాన్న పక్క మండపంలో కుంభం ముందు కూర్చుని రోజూ ఇవన్నీ చేశాడు. పనివాళ్లు సుత్తులతో కొడుతూనే ఉన్నారు, ఆయన ఆరాధన ఆగలేదు. గుడి అదే గుడి అని ఊరివాళ్లు ఏ రోజూ అనుమానపడలేదు.

ఈ సంగతి చెప్పగానే అన్నయ్యే అన్నాడు, "అయితే నీ బండికి బాలాలయమేదిరా?" అప్పటికి పాత కొక్కాన్ని కడిగి, పగుళ్లేమైనా ఉన్నాయేమోనని పరీక్ష చేయించి, మూలన పెట్టి ఉన్నాను. ఆ వారమే దాన్ని మా రెండో రికవరీ బండికి తగిలించాను. బెంజి పూర్తయ్యేదాకా ఆ కొక్కెం ఏలూరు దారిలో, గుడివాడ దారిలో ప్రతి పిలుపుకూ వెళ్లింది. కొక్కెంలో శక్తి ఉందని నేననను. పని తెగలేదంటాను, అంతే.

ఇక్కడే వింటేజి అన్న మాట మీద నాకున్న అభ్యంతరం చెప్పాలి. 2021లో కేంద్రం పాత బండ్లకు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి, చాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు జరగకూడదు. అలాంటి సొంత వాడకపు ద్విచక్ర వాహనాలకూ కార్లకూ వీఏ అన్న అక్షరాలతో నంబరు ఇస్తారు. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్లొచ్చు గానీ రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. లారీలకు ఈ నియమం వర్తించదు. వర్తించినా నేను అడగను. మార్పు లేకపోవడం, పని చేయకపోవడం, ఈ రెండూ కలిస్తే అసలైన పాతదనమట. అమరావతి స్తూపపు శిల్పాలు చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. రాళ్లు అవే, సందేహం లేదు. జాగ్రత్తగానే చూసుకుంటున్నారు. కానీ ప్రదక్షిణ చేసే పాదం లేదు, దీపం లేదు. దానికెదురుగా అలంపురం చూడండి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగబోయిన కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురానికి తరలించి నిలబెట్టారు. రెండు నదుల సంగమం మీద ఉన్న గుడికి ఆ సంగమమే పోయింది. అయినా లింగం మీద నీళ్లు పడుతున్నాయి. పాతదాన్ని కాపాడిన పని ఏదంటే నేను అలంపురం వైపే చూపిస్తాను.

ఇంతవరకూ బాగానే ఉంది. మా అబ్బాయి మాత్రం ఒక ప్రశ్నతో ఇదంతా కదిలించాడు. వాడు మా హైడ్రాలిక్ బండ్లు చూసుకుంటాడు. "నాన్నా, సేవే బండి అయితే, మన కొత్త బండి ఇంతకంటే బాగా, తొందరగా ఆ సేవ చేస్తోంది. మరి దీనికింత డబ్బెందుకు?" అన్నాడు. ఇది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. సేవ ఒక్కటే లెక్కయితే ఏ బండి చేసినా ఒకటే. నేను ఈ బండి ముందు నిలబడటానికి సేవ కాక ఇంకేదో ఉండాలి.

అది ఋణం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది పోయారు. ఊళ్లకు దారులన్నీ పడిన చెట్లతో మూసుకుపోయాయి. అప్పుడు బందరు నుంచి బయల్దేరిన ఈ బండి చెట్ల మానుల్ని ఒక్కొక్కటే పక్కకు లాగుతూ అవనిగడ్డ వైపు వెళ్లిందని, దాని వెనక బియ్యం లారీలు, తాగే నీళ్లు, డాక్టర్లు వచ్చారని దాని మీద క్లీనరుగా పనిచేసిన ఆయన నాకు చెప్పాడు. మా ఊరు ఆ దారిలోదే. మా అమ్మ, నాన్న, అన్నయ్య, పసివాణ్ణి నేను గుడి కప్పు మీద బతికి, ఆ లారీల వెనక వచ్చిన గంజి తాగాం. అదే బండి ఆ తర్వాత పశువుల కళేబరాల్ని కూడా లాగింది. ఈ సంగతి తెలిసినప్పుడు అర్చకుడైన అన్నయ్య మైల మాట ఎత్తుతాడనుకున్నాను. ఆయన బానెట్టు మీద చెయ్యి పెట్టి కాసేపు ఉండి, వెళ్లి కాళ్లు కడుక్కుని సంధ్య వార్చుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట మా మధ్య రాలేదు.

సేవ ఎవరైనా కొనసాగించవచ్చు. ఋణం మాత్రం ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్లకే. నాగసేనుడే ఇంకో కథ చెప్తాడు. తోటలో మామిడిపండ్లు దొంగిలించినవాడు రాజు ముందు వాదిస్తాడు: తోటవాడు నాటిన టెంక వేరు, నేను కోసిన పండు వేరు, వాడి సొత్తు నేను తీయలేదు అని. రాజు ఒప్పుకోడు. ఆ టెంక లేనిదే ఈ పండు లేదు కాబట్టి దొంగకు శిక్ష తప్పదు. ఒకదాని నుంచి ఒకటి తెగకుండా వచ్చినంతవరకు లెక్క చెరిగిపోదు. రథం లేదన్న భిక్షువే ఈ మాటా అన్నాడు, నాకు ఇదే ఆయన అసలు మాటగా కనిపిస్తుంది. నా ఒంట్లో ఆనాటి పసివాడి రక్తమాంసాలు ఎన్ని మిగిలాయో నాకు తెలియదు. గంజి తాగింది నేను కాదని మాత్రం అనలేను. నేను నేనైనప్పుడు అదీ అదే. ఇంజను మార్చినంత మాత్రాన నా అప్పు మాఫీ కాదు. అందుకే అది ఆ బండే. దాన్ని ఆ బండిగా నిలబెడుతున్నది దాని ఇనుము ఒక్కటే కాదు, మా వైపు నుంచి తీరని బాకీ కూడా.

బాకీ ఒక్క వైపే లేదు. ఆ క్లీనరు బాబాయికి కుడిచేతి రెండు వేళ్లు లేవు. గేరుకు మూత లేని రోజుల్లో, రాత్రిపూట, వర్షంలో, హ్యాండిల్ తిప్పుతుంటే వార్ముకూ చక్రానికీ మధ్య చెయ్యి పడింది. మూత ఆ తర్వాత వెల్డింగ్ చేశారు, ఇప్పటికీ ఉంది. ఆయనకు అప్పట్లో ఎవరూ ఏమీ ఇవ్వలేదు. బండి చేసిన పుణ్యం చెప్పుకుని దాన్ని కొన్నవాడు, బండి చేసిన ఈ అపకారం తనది కాదని ఎలా అంటాడు? తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమని మన న్యాయస్థానాలు చాలా కాలం అంగీకరించాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఆ ధర్మం ఒక్కటే ఆధారంగా కొడుకు మీద బాకీ వసూలు చేయకూడదన్నారు. చట్టంగా అది సబబే కావచ్చు. నా మనసు మాత్రం పాత పద్ధతిలోనే ఉంది. పాత సామాను కొలిమికి అమ్మగా వచ్చిన డబ్బు, పాత ఇంజను ధరతో సహా, బాబాయికి ఇచ్చాను. తీసిన భాగాల్ని కృష్ణలో కలపాలన్నాడు అన్నయ్య. విగ్రహానికి అది తగును, ఇనుముకు ఇదే తగునన్నాను. ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు. బాబాయి మొదట తీసుకోలేదు. "నేనేం చేశాను బాబూ" అన్నాడు. "నువ్వు తిప్పబట్టే కదా బాబాయ్ మాకు గంజి వచ్చింది" అంటే తీసుకున్నాడు.

రంగు వేసేటప్పుడు నుదుటి మీది పేరు సంగతి వచ్చింది. మాది నారాయణ పరివారం, పేరు మార్చి మా దేవుడి పేరు పెట్టమని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. వీరాంజనేయుణ్ణి తీసేసే హక్కు నాకు లేదు. ఆ పేరుతోనే అది ఉప్పెనలోకి వెళ్లింది. అక్షరాలు చెరిగినచోట పాత గీతల మీదే మళ్లీ రాయించాను. దసరాకు మిగతా పనిముట్లతో పాటు దానికీ కుంకుమ, నిమ్మకాయలు, గుమ్మడికాయ. అన్నయ్య వచ్చి కొబ్బరికాయ కొట్టాడు గానీ ప్రతిష్ఠ లాంటిదేదీ చేయలేదు. వాహనానికి ఆగమంలో అలాంటి విధి లేదు, లేనిది కల్పించడం ఆయన చేయడు. ఆ విషయంలో ఆయనే రైటు.

బండి ఇప్పుడు పెద్ద పిలుపులకు వెళ్లదు. హైడ్రాలిక్ బండి దిగలేని కాలవగట్ల మీదికి, మెత్తటి నేలల్లోకి, నెమ్మదిగా, వదిలేస్తే జారకూడని బరువులున్నచోటికి వెళ్తుంది.

చాసీ పగులు మళ్లీ వస్తుంది. ప్లేటు ఎంత బాగా వేసినా ఇనుముకు అలసట ఉంటుంది. రివెట్ల వరస దాటి అది పైకి పాకిన రోజున అన్నయ్య చెప్పిన మహాంగం మాట నిజమవుతుంది, అప్పుడు ఇంక అతుకు వేయొద్దని మా అబ్బాయికి చెప్పాను. నంబరున్న ముక్క కోసి రవాణా శాఖకు అప్పగించాలి, మిగతాది కొలిమికి. వార్ము, కొక్కెం బాగుంటే వేరే బండి మీదికి ఎక్కించుకోవచ్చు. ఆ బండి వేరే బండే, దానికి వాడికి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. పాత సామాను డబ్బు గాక నేను బాబాయికి నెలనెలా ఇస్తున్నది మాత్రం ఆ బండి సంపాదనలోంచే ఇవ్వాలి, ఆయన తర్వాత పిన్నికి. వాడు ఫోనులో రాసుకున్నాడు.